పాతికేళ్ళ దుకాణం మూత

సమాజం ఆధునికం కావడానికి అచ్చుయంత్రం కారణమని కొందరు, ఆవిరియంత్రం కారణమని కొందరు లావుపాటి పుస్తకాలు రాశారు. రెండూ కావు. తప్పు చెప్పినవాడి కాలరు మన చేతికి ఎంత దూరంలో ఉందన్నదే అసలు కొలత. ప్రసార సాధనాల చరిత్ర అంతా ఆ దూరం పెరిగిన చరిత్రే.

వెనకటికి గంట వాయిస్తూ వీధుల్లో కబురు చెప్పే మనిషి ఉండేవాడు. తప్పు చెబితే మలుపు తిరిగేలోపు పట్టుకుని ఒప్పు చెప్పించేవారు. తర్వాత పత్రిక వచ్చింది. తప్పు మన గుమ్మంలో పడుతుంది, వేసినవాడు ఆఫీసులో ఉంటాడు. రేడియో వచ్చాక మనిషి పోయి గొంతు మిగిలింది. గొంతుకు కాలరుండదు. టీవీలో మళ్ళీ కాలరు కనిపించింది, అదీ ఇస్త్రీ చేసినది, కానీ మధ్యలో అద్దం అడ్డం. ఇప్పుడు ఫోను. అది మన అరచేతిలోనే ఉంటుంది. అందులో ఎవరూ ఉండరు.

వ్యాపారిని కనుక ఈ పురోగతిని నేను తూకం వేసి చూశాను. తూకంరాయిగా పెట్టింది మా దుకాణాన్నే.

మాది మూతల దుకాణం. సీసాలకు, డబ్బాలకు, ఫ్లాస్కులకు, గిన్నెలకు మూతలు. సీసాలు అమ్మం. (అడిగినవాళ్ళకు పక్క వీధి చూపిస్తాం.) సీసా పగిలినవాడు మూతను తలుచుకోడు కానీ, మూత పోగొట్టుకున్నవాడు సీసా చూసినప్పుడల్లా మమ్మల్ని తలుచుకుంటాడు. ఆ ఒక్క సూత్రం మీద దుకాణం పాతికేళ్ళు నడిచింది. ఆ సంతోషం పట్టలేక పత్రికకు ఒక ముక్క రాసి పంపాను: "పాతికేళ్ళు పూర్తి చేసుకున్న మూతల దుకాణం."

మర్నాడు పెద్ద అక్షరాలతో పడింది: "పాతికేళ్ళు పూర్తి చేసుకున్న దుకాణం మూత."

మాటలన్నీ నేను పంపినవే. కాస్త అటూ ఇటూ జరిగాయి, తరుగు పోయింది "ల" ఒక్కటే. ఏ సరుకు రవాణాలోనైనా ఆ మాత్రం తరుగు మామూలే.

మా ఆవిడ గల్లా పక్కన కూర్చుని పేపరు మడిచింది. "ఏవండీ, మనం మూసేశామట."

"ఇప్పుడు నువ్వెక్కడ కూర్చున్నావు?"

"దుకాణంలో."

"మరి?"

"మరి నాకేం తెలుసు? మీరు ఏదైనా నాతో చెప్పి చేస్తారా?"

ఇంతలో నా బావమరిది ఫోను. "బావా, అంత కష్టంలో ఉంటే ఒక్కమాట చెప్పొద్దూ? మేమంతా చచ్చామనుకున్నావా?"

"ఒరేయ్, దుకాణం తెరిచే ఉంది. ఇక్కడినుంచే మాట్లాడుతున్నాను."

"నీ బాధ నాకు తెలుసులే బావా. పరువుగల మనిషివి, అలాగే అంటావు."

"నన్ను నమ్ముతావా, పేపరునా?"

"నువ్వు పేపర్లో చెప్పు, నిన్నే నమ్ముతాను."

బంధువుల నమ్మకం లేకపోయినా వ్యాపారం సాగుతుంది. (కొన్నిసార్లు అప్పుడే సాగుతుంది.) అసలు చిక్కు మందుల సీసాల ఫ్యాక్టరీతో వచ్చింది. ఏటా వాళ్ళ సీసాలన్నిటికీ మూతలు మావే. ఆ ఆర్డరు ఉంటే మాది దుకాణం, లేకపోతే ఉత్త షట్టరు. ఫ్యాక్టరీ మేనేజరు మర్యాదగా మాట్లాడాడు.

"మూతపడిన సంస్థకు ఆర్డరు ఇవ్వకూడదని మా రూలండీ. తెరిచే ఉన్నట్టు పత్రికలో చూపించండి, నెలాఖరులోగా. ఆలోపు వేరేవాళ్ళకు ఇవ్వను."

"సార్, ఒక్కసారి వచ్చి చూస్తే అయిపోతుంది కదా."

"చూడటం ఎవరైనా చూస్తారండీ. ఫైల్లో పెట్టడానికి కాగితం ఉండాలిగా."

పత్రికాఫీసుకు వెళ్ళాను. సవరణల విభాగం మెట్ల కింద ఉంది. దాని అధిపతి ఆ తప్పు చేసిన మనిషే. (తప్పుల్లో అనుభవం ఉన్నవాళ్ళకే ఆ పదవి ఇస్తారట.) ఆయన నొచ్చుకున్నాడు.

"తప్పంటారేమిటండీ, దిద్దాను. గిన్నె కొంటే మూత వస్తుంది. మూతలకు విడిగా దుకాణం ఉంటుందని ఎవరైనా అనుకుంటారా? రాసినవాడు తొందరలో అటూ ఇటూ చేసి ఉంటాడు, పాపం అనుకున్నాను."

"రాసింది నేనే."

"మీరు మా పాఠకుల గురించి కూడా ఆలోచించాలి మరి."

"సరే, దుకాణం తెరిచే ఉందని వెయ్యండి."

ఆయన నియమావళి తీసి చూపించాడు. తెరిచి ఉండటం వార్త కాదు. తెరిచి ఉన్న దుకాణాలన్నిటి గురించీ వేస్తే పెళ్ళి ప్రకటనలకు చోటు మిగలదు. చివరికి నా మొహం చూసి జాలిపడి, లోపలి పేజీలో అడుగున, ఉల్లిగింజంత అక్షరాల్లో ఒక వాక్యం వేయించాడు: "దుకాణం తెరిచే ఉందని యజమాని ఆరోపణ."

ఆ ఆరోపణతో కథ మలుపు తిరిగింది. రేడియోవాళ్ళు దాన్ని చదువుతూ "మూతపడిన దుకాణంపై వివాదం" అన్నారు. ఫోను చేసి అడిగితే, పత్రికలో ఉన్నదే చదువుతామని అక్కడి అమ్మాయి ఎంతో మధురంగా చెప్పింది. రేడియో విని టీవీ బండి వచ్చింది. మైకు నా ముక్కు కింద పెట్టి, "మూసేసిన ఆ క్షణం మీకెలా అనిపించింది?" అని అడిగారు. మూయలేదన్నాను. సాయంత్రం స్టూడియోలో నలుగురు నిపుణులు కూర్చుని, "మూయలేదు అనే స్థితికి చేరుకున్న చిరువ్యాపారి మనసు" గురించి గంటసేపు బాధపడ్డారు. టీవీని చూసి, ఫోన్లో దారి చూపించే యాప్ మా దుకాణం మీద "శాశ్వతంగా మూసివేయబడింది" అని ఎర్రగా రాసుకుంది. తప్పని ఫిర్యాదు పెట్టాను. విచారించి జవాబిచ్చింది: ఈ సమాచారం మూడు విశ్వసనీయ మార్గాల్లో ధ్రువపడింది.

అది మొదలు గిరాకీ పడిపోయింది. ఒకావిడ మాత్రం ఫ్లాస్కు పట్టుకుని గుమ్మందాకా వచ్చి, ఫోన్లోకి చూసి, మా ఆవిడ మొహంలోకి చూసి, "అయ్యో, మూసేశారన్నమాట" అని వెనక్కి వెళ్ళిపోయింది.

నెలాఖరు దగ్గర పడింది. మళ్ళీ మెట్ల కిందికి వెళ్ళాను. సవరణల అధిపతికి కూడా నా పట్ల ఒక విధమైన బాధ్యత ఏర్పడినట్టుంది.

"ఒక దారుందండీ. తెరిచి ఉండటం వార్త కాదు కానీ, తెరవటం వార్త. పునఃప్రారంభం పెట్టుకోండి. ఫొటోతో సహా వేస్తాను."

"ఇంకేం, రేపే పెట్టుకుంటాను."

"రేపెలా కుదురుతుంది? తెరవాలంటే ముందు మూసి ఉండాలి కదా. ఒక రోజు పూర్తిగా షట్టరు దించి, తాళం కనబడేలా ఫొటో తీసి తెచ్చివ్వండి."

లెక్క వేశాను. ఒక రోజు మూత పెట్టుబడి. ఏడాది ఆర్డరు రాబడి. ఇంత గిట్టుబాటు బేరం నా జన్మలో తగల్లేదు.

మా ఆవిడ ఒప్పుకోలేదు. "మూయలేదని ఇన్నాళ్ళు మొత్తుకుని ఇప్పుడు మూస్తారా? ఎవరైనా చూస్తే?"

"చూసేవాళ్ళుంటే మనకీ గతి ఎందుకు పడుతుందే?"

పొద్దున్నే షట్టరు దించాం. ఫొటో తీశాను. పొరపాటున ఎవరూ తెరిపించకుండా బావమరిదిని బయట స్టూలు వేసి కూర్చోబెట్టి, మేమిద్దరం ఫొటో పట్టుకుని పత్రికాఫీసుకు వెళ్ళాం. తిరిగి వచ్చేసరికి వాడు వెలిగిపోతున్నాడు.

"బావా, కార్లో ఎవరో పెద్దమనిషి వచ్చాడు. మందుల వాసన కొడుతున్నాడు. కాగితం సంగతి తర్వాత, ముందు కళ్ళారా చూసి పోదామని వచ్చానన్నాడు."

"ఏమడిగాడు?"

"నిజంగానే మూసేశారా అన్నాడు. నేనేమన్నా తక్కువ తిన్నానా? అనుమానం రాకుండా చెప్పాను. పేపర్లో వేశారు, రేడియోలో చెప్పారు, టీవీలో చూపించారు, ఇంకా అడుగుతారేమిటండీ అన్నాను. పాపం, చాలాసేపు నిలబడ్డాడు. షట్టరును ఫొటో కూడా తీసుకున్నాడు."

మా ఆవిడ తాళంచెవి నా చేతిలో పెట్టింది.

మేనేజరు మంచి మనిషి. ఆర్డరు వేరేవాళ్ళకు ఇచ్చేసి ఊరుకోలేదు. పత్రికల మాట అనుమానించినందుకు సిగ్గుపడుతున్నానంటూ సంపాదకుడికి పెద్ద ఉత్తరం రాసి, షట్టరు ఫొటో జతచేశాడు. పత్రికవాళ్ళు దాన్ని మర్నాడే మొదటి పేజీలో వేశారు. స్థలాభావం వల్ల మా పునఃప్రారంభం వార్త ఆ రోజు పడలేదు.