నిశ్శబ్ద గదికి బ్యాండుమేళం

మనుషుల మెదళ్లు ఎన్ని తీరులుగా ఉన్నా అన్నింటినీ సమానంగా ఆదరించే విద్యాలయం ఈ భూమండలం మీద తమదొక్కటేనని ప్రిన్సిపాల్ గారు ప్రకటించారు. శబ్దాలు భరించలేని పిల్లల కోసం కట్టించిన నిశ్శబ్ద గదికి ఆ రోజు ప్రారంభోత్సవం. ఆ సంగతి ఊరందరికీ వినబడాలని నాలుగు లౌడ్‌స్పీకర్లు, ఒక బ్యాండుమేళం పెట్టించారు.

మూడో వరసలో కూర్చున్న దర్జీ ఆవిడకు ప్రసంగం చెవికెక్కడం లేదు. కళ్లన్నీ పక్కనున్న కూతురి మీదే. ఎనిమిదేళ్ల చిట్టికి లెక్కలు మంచినీళ్లప్రాయం. పెద్ద శబ్దం వింటే మాత్రం ఒంట్లో సూదులు దిగినట్టుంటుంది. ఇది జబ్బు కాదు, మెదడు ఎదిగిన తీరే వేరని డాక్టరమ్మ కాగితం రాసిచ్చింది. ప్రిన్సిపాల్ గారు దాన్ని ఎంతో గౌరవంగా చదివి, ఫైల్లో పెట్టి, ఒక చిన్న షరతు విధించారు. ప్రారంభోత్సవం ముగిసేదాకా మామూలు పిల్లలా చేతులు కట్టుకుని కూర్చుంటే చిట్టి బళ్లో ఉంటుంది. లేదంటే టీసీ.

"ఆ గది ఇలాంటి పిల్లల కోసమే కదండీ?" అని తల్లి అప్పుడే అడిగింది.

"అవునమ్మా. కొత్త సోఫాలు వేయించాం. మామూలుగా ఉండగలదని తేలందే ఎలా పంపిస్తాం?"

బ్యాండు మోగింది. చిట్టి పెదవులు బిగబట్టి, కుర్చీ అంచు పట్టుకుంది. వేదిక మీద కరస్పాండెంట్ గారు అరగంటగా కాలు ఊపుతూనే ఉన్నారు. ప్రిన్సిపాల్ గారు బల్ల మీది పూలగుత్తిని ఏడోసారి తిన్నగా జరిపారు. వీటిని ఎవరూ ఏ ఫైల్లోనూ రాసుకోలేదు.

ఇంతలో మైకు కీచుమంది. ముఖ్య అతిథిగా వచ్చిన పెద్ద అధికారి రెండు చేతులతో చెవులు మూసుకున్నారు. వేదికంతా కదిలిపోయింది. అయ్యగారిది వెన్నలాంటి మనసని, మోత తట్టుకోలేరని కరస్పాండెంట్ గారు మురిసిపోయారు. నలుగురు చెయ్యేసి ఆయన్ని నిశ్శబ్ద గదికి నడిపించారు. రిబ్బను కత్తిరించే ఓపిక కూడా లేక, ఆయన దాని కిందనుంచే దూరారు.

చిట్టి అది చూసింది. తానూ చెవులు మూసుకుని లేచి, అదే దారిన నడిచి, అదే రిబ్బను కిందనుంచి దూరింది. తల్లి వెనకాలే పరుగెత్తింది.

లోపల అధికారి ఒక సోఫాలో, చిట్టి ఇంకో సోఫాలో కళ్లు మూసుకుని ఉన్నారు. ఒకరి ఊసు ఒకరికి లేదు. ఫొటోగ్రాఫర్ మాత్రం తన పని తాను చేసుకుపోయాడు.

"చూశారా? మామూలు పిల్లలు ఇలా చేస్తారా?" ప్రిన్సిపాల్ గారు గుమ్మం బయట గొంతు తగ్గించి అడిగారు.

"ఆ పెద్దాయనా ఇదే చేశారు కదండీ."

"ఆయన సంగతి వేరమ్మా. సున్నితమైన మనిషి."

వారం తిరక్కుండా బడి నుంచి లావుపాటి కవరు వచ్చింది. అందులో చిట్టి టీసీ ఉంది. కారణం అన్నచోట, అనుమతి లేకుండా నిశ్శబ్ద గదిలో నిశ్శబ్దంగా కూర్చున్నట్టు రాసి ఉంది. దాని కింద కొత్త ఏడాది అడ్మిషన్ల కరపత్రం. సోఫాలో హాయిగా కళ్లు మూసుకున్న చిట్టి ఫొటో, ఫొటో కింద ఒక మాట: 'మీ బిడ్డ ఎలా ఉన్నా, మా బడిలో చోటుంది.'

తెలిసిన తల్లులకు పంచిపెట్టమని ఆమెకు మరో ఇరవై కాపీలు కూడా జతచేశారు.