స్కూటరుకు బెయిలు

ఈ దేశంలో తిరిగే ప్రతి వాహనానికీ ఒక స్వభావం ఉండి తీరాలనీ, అది తేలనిదే చక్రం కదలరాదనీ ప్రభుత్వం ఏనాడో తీర్మానించింది. (మనుషుల స్వభావం సంగతి ఇంకా పరిశీలనలో ఉంది.) అందుకే అనకాపల్లిలో వాహన స్వభావ నిర్ధారణ కార్యాలయం వెలిసింది.

ఆ కార్యాలయం వరుసలో, కొడుకు శాంతికుమార్ వెనకాల జపమాల పట్టుకుని నిలబడింది లూర్దు మేరీ. కొడుక్కి ఆ పేరు పెట్టినప్పుడు ఆవిడ కోరుకున్నది ఒకటి, జరిగింది మరొకటి. ఎవరి షెడ్డులోనో తుప్పు పట్టి పడున్న పాతకాలం ఇటలీ స్కూటరును తెచ్చి, తిండీ నిద్రా మానుకుని బాగు చేశాడు. అది బజారుకెళ్లే స్కూటరైతే ఆవిడకి బాధే లేదు. కాలు కింద పెట్టకుండా బండరాళ్లెక్కే పోటీల కోసం పుట్టిన స్కూటరది. ఆ పోటీ వచ్చే ఆదివారం, చీడికాడ పక్క కొండ మీద. రోడ్డు వేసి ఉండగా రాళ్లెందుకెక్కాలో ఆవిడకి ఎవరూ చెప్పలేకపోయారు. కళ్లు మూసుకుంటే చాలు, కొండ కింద స్కూటరు, స్కూటరు కింద కొడుకు.

"వచ్చేత్తాది నాన్నా, కంగారు పడకు" అంటోంది పైకి. ఆ స్వభావం కాగితం రాకుండా చూడమని లోపల మరియ తల్లికి మొరపెట్టుకుంటోంది.

స్వభావ నిర్ధారణాధికారి దేవీప్రసాద్ గారు స్కూటరు చుట్టూ తిరిగారు. పొగగొట్టం ఆకాశంకేసి చూస్తోంది.

"ఏటిది?"

"ట్రయల్స్ బండండి" అన్నాడు శాంతికుమార్.

ఆయన లోపలికెళ్లి, కిటికీ వెనకున్న కంప్యూటర్లో 'ట్రయల్' అని కొట్టారు. కంప్యూటరు తెలివైనది. ముందర 'అండర్' అని తనే చేర్చుకుంది.

"అండర్ ట్రయల్. ఏ కోర్టు?"

"కోర్టేటండి! ఇది రాళ్లెక్కే ట్రయలండి. ఆ ట్రయలు వేరు, ఈ ట్రయలు వేరు."

"కంప్యూటరు వేసినదాన్ని కొట్టేసే అధికారం నాకు లేదు బాబూ. అధికారం ఉన్నవాళ్లకి కంప్యూటరు రాదు."

లూర్దు మేరీ చదువు ఐదో తరగతితో ఆగింది గానీ, అండర్ ట్రయల్ అంటే ఏమిటో టీవీ నేర్పింది. ఇటలీలో ఈ బండి ఎవర్ని గుద్దేసి వచ్చిందో! వరుస తప్పించుకుని వెళ్లి కిటికీ ఊచలు పట్టుకుంది.

"బాబ్బాబూ, మావోడికేటీ తెల్దు. బండి సేసిన పాపం మావోడి మెడకి సుట్టకండి. బెయిలిప్పించండి!"

"అమ్మా, నువ్వూరుకోవే!"

"నువ్వుండరా! తుప్పు వదలగొట్టేవు గానీ, దాని కేసులేటో సూసుకున్నావా?"

దేవీప్రసాద్ గారి మొహం వెలిగింది. బెయిలుకైతే నిబంధన ఉంది. (లేనిదల్లా రాళ్లెక్కే స్కూటరుకే.) జామీను ఉండేది సాటి వాహనమే అయి ఉండాలి, నడత మంచిదై ఉండాలి. చివరికి చర్చివారి శవాల వ్యాను కుదిరింది. అందులో ఎక్కినవారెవరూ ఇంతవరకు ఫిర్యాదు చెయ్యలేదు. దాన్ని చూసి లూర్దు మేరీ గబగబా సిలువ గుర్తు వేసుకుంది.

షరతులు చదివి వినిపించారు. విచారణ ముగిసేదాకా స్కూటరు ఊరి పొలిమేర దాటరాదు. కొండలు, గుట్టలు, బండరాళ్లతో ఏ విధమైన సంబంధమూ పెట్టుకోరాదు. ప్రతి సోమవారం కార్యాలయానికి హాజరు కావాలి, సంతకం రాదు కనుక హారను మోగించాలి. రోడ్డెక్కే అనుమతి లేదు కనుక ట్రాలీ ఆటోలో రావాలి.

"విచారణ ఎప్పటికవుతాదండి?" అన్నాడు శాంతికుమార్.

"అవ్వాలంటే కేసుండాలి కదా. కేసే లేదు. కాబట్టి ముగిసే అవకాశం లేదు."

పొలిమేర దాటరాదు. కొండెక్కరాదు. సోమవారం సోమవారం కళ్లకి కనబడాలి. మోకాళ్ల మీద పడి ఇన్నాళ్లూ తను అడిగినవన్నీ ఇవే కదా అని లూర్దు మేరీ కళ్లు చెమర్చాయి. అంతలో కొడుకు గొణిగాడు.

"పోన్లే. బాబ్జిగాడి బండుంది. ఆదివారం దానిమీదెల్తాను."

ఆవిడ మళ్లీ ఊచలు పట్టుకుంది.

"బాబూ, ఈ బెయిలే మావోడిక్కూడా రాసియ్యండి."

దేవీప్రసాద్ గారు బయటికొచ్చి శాంతికుమార్‌ని, ఇందాక స్కూటరును చూసినట్టే, చుట్టూ తిరిగి చూశారు.

"మనిషికైతే కుదరదమ్మా. ఇంజను నంబరుండదు."