వదినగారికి తెలుగొచ్చింది

మా పేటలో ఇకమీదట ఎవరూ ఎవరికీ అర్థం కాకుండా ఉండరాదని భాషా సామరస్య సంఘంవారు తీర్మానించినట్లు ఇందుమూలముగా యావన్మందికీ తెలియజేయడమైనది.

తీర్మానానికి బలమైన కారణమే ఉంది. మా వీధిలో ఎన్ని ఇళ్ళో దాదాపు అన్ని భాషలు. ఇన్నేళ్ళలో ఒక్క తగువు లేదు. ఇంత ప్రశాంతంగా ఉన్నారంటే వీళ్ళ మధ్య ఏదో పెద్ద అగాధం ఉండి తీరాలని, బీమా ఆఫీసులో రిటైరైన సంఘాధ్యక్షులు తేల్చారు. ప్రారంభ సభలో ఆయన గద్గద స్వరంతో, "సోదర సోదరీమణులారా! పొరుగువాడు మనల్ని ఏమంటున్నాడో తెలుసుకోకుండానే మనం కన్నుమూయాలా?" అని ప్రశ్నించారు. ఆయన మాట్లాడిన భాష సగం మందికి రాదు కాబట్టి చప్పట్లు ఏకగ్రీవంగా మోగాయి.

ముందుగా ప్రతి గేటుకూ ఆ ఇంటి భాష పేరు రాసిన పలక తగిలించారు. మూలింట్లో భర్తది ఒక భాష, భార్యది ఇంకొకటి. ఎవరిది పైన ఉండాలో తేలక, వాళ్ళ పిల్లవాడు కార్టూన్లు చూసి నేర్చుకున్న మూడో భాష రాయించుకున్నారు. అది వాళ్ళిద్దరికీ రాదు. అయినా సంఘంవారు ప్రశంసాపత్రం ఇచ్చారు.

తర్వాత తరగతులు. తెలుగు చెప్పే బాధ్యత నాకు అప్పగించారు. "డిగ్రీ చదివారు, పైగా ఇంట్లో ఖాళీయేగా అమ్మా," అన్నారు అధ్యక్షులు. పొయ్యి మీద పాలు పొంగుతుంటే, చేతిలో చీపురుతో, ఖాళీగానే ఒప్పుకున్నాను.

నా తొలి, తుది విద్యార్థిని పక్కింటి పెద్దావిడ. మా అత్తగారికి ఆవిడంటే ప్రాణం. వదినా అని పిలుస్తారు. సాయంత్రమైతే ప్రహరీకి అటొకరు ఇటొకరు కుర్చీలు వేసుకుంటారు. అత్తగారు తెలుగులో నా గురించి చెబుతారు, ఆవిడ "ఊఁ" కొడతారు. ఆవిడ తన భాషలో ఏదో చెబుతారు, అత్తగారు "అంతేగా మరి వదినా!" అంటారు. నా కూరలో ఉప్పు, నా నడకలో చప్పుడు, మా పుట్టింటివాళ్ళ గర్వం, అన్నీ ఆ గోడ దాటి, అవతల ఎవరికీ ఏ కీడూ చేయకుండా ఇంకిపోయేవి. అత్తగారు తేలికపడి లోపలికొచ్చి, రెండు ముద్దలు ఎక్కువే తినేవారు.

బోధనలో నేను ఆధునికురాలిని. అ ఆలతో కాలయాపన చేయకుండా నిత్యం పనికొచ్చే వాక్యాలు నేర్పాను. మొదటి పాఠం: "మీ కోడలు చాలా మంచి పిల్ల." రెండో పాఠం: "తప్పు మీదే." పెద్దావిడ చురుకైన మనిషి. తక్కిన తెలుగంతా తనే పట్టేశారు.

ఒక సాయంత్రం అత్తగారు కుర్చీ సర్దుకుని, "చూశావా వదినా, ఇవాళ కూడా కూరలో ఉప్పు లేదు. అడిగితే డాక్టరు వద్దన్నాడంటుంది," అని మొదలుపెట్టారు.

"డాక్టరు వద్దన్నారు కదా. తప్పు మీదే," అంది గోడవతలి నుంచి స్పష్టమైన తెలుగు.

అత్తగారు ఉలిక్కిపడ్డారు. "అదేంటి వదినా, అలా అనేశావు?"

"మీ కోడలు చాలా మంచి పిల్ల. ఇంకో మాట. మీ బట్టల తీగ మా కిటికీకి అడ్డం. తీయమని ఏళ్ళ తరబడి చెబుతున్నాను. మీరు రోజూ 'అంతేగా మరి' అంటారు. తీయరు!"

ఆ ఘట్టాన్ని సంఘంవారు 'తొలి అర్థవంతమైన సంభాషణ'గా ప్రకటించి మిఠాయిలు పంచారు. వాళ్ళిద్దరి మధ్య ఆఖరిదీ అదే.

పేటంతా ఇలాంటి విజయాలే. 'వీడు చెడగొట్టని గుడ్డ లేదు' అని తమ తమ భాషల్లో దర్జీ ఎదురుగానే నవ్వుకున్నవాళ్ళ బట్టలన్నీ ఇప్పుడు అంగుళం బిగువొస్తున్నాయి. మూలింటి దంపతులు పిల్లవాడి భాష నేర్చుకుని, వాడు తమని ఏమంటున్నాడో గ్రహించి, పెళ్ళయ్యాక మొదటిసారి ఏకమయ్యారు. "నేడు మన పేటలో అర్థం కాని మనిషంటూ లేడు!" అని వార్షిక సభలో అధ్యక్షులు ఘోషించారు. చప్పట్లు పడలేదు. ఈసారి అందరికీ అర్థమైంది.

అత్తగారు మాత్రం చిక్కిపోసాగారు. కంచంలో సగం వదిలేసి చెయ్యి కడుక్కుంటున్నారు. నన్ను తిట్టడం కూడా మానేశారు. అప్పుడు నాకు భయం పుట్టింది. తీగ తీయించి, పక్కింటికి వెళ్ళి, "పెద్దమ్మగారూ, మునుపటిలా ఊఁ అంటే చాలండీ," అని బతిమాలాను.

"అర్థమైపోయాక ఊఁ అనడం ఎలాగమ్మా?" అంది నా శిష్యురాలు.

మావారి మనసూ కరిగింది. "ఎందుకమ్మా దిగులు? ఇంటినిండా తెలుగొచ్చినవాళ్ళమే కదా, మాతో చెప్పుకో," అన్నారు, ఫోన్లో ఏదో వేలితో పైకి తోసుకుంటూ.

ఆవిడ నమ్మి మొదలుపెట్టారు. మోకాళ్ళు, పట్టని నిద్ర, పోయిన మామగారు కలలోకొచ్చి పలకరించకుండానే వెళ్ళిపోవడం... చాలాసేపు చెప్పి ఆగారు.

"ఆఁ? ఏమన్నావమ్మా?" అన్నారు మావారు.

అత్తగారు లేచి, చెప్పులు వేసుకుని, ఎదురింటికి వెళ్ళారు. అక్కడ కొత్తగా దిగినవాళ్ళది ఏ భాషో సంఘంవారికి ఇంకా అంతుపట్టలేదు. కాసేపటికి వాళ్ళ కిటికీలోంచి "మా కోడలుంది చూశావూ..." అని వినిపించింది. భోజనాల దగ్గర ఆవిడ మారు వడ్డించుకున్నారు.

సంఘంవారు ఆ భాష వచ్చిన గురువు కోసం గాలిస్తున్నారు. మీలో ఎవరికైనా వస్తే దయచేసి బయటపడకండి. కష్టమేమీ కాదు. భాష వచ్చి కూడా రానట్టు కూర్చోవడం మీ ఇళ్ళలో మీకు అలవాటే కదా.