ఎలుకలకు తగ్గిందట!

వచ్చే జన్మంటూ ఉంటే నేను ఎలుకగా పుడతాను. నవ్వకండి! షుగరు జబ్బున్నవాడు కోరుకోదగ్గ జన్మ అంతకన్నా మరొకటి లేదు.

పేపరు తిరగెయ్యండి. ఎక్కడో ఒకచోట ఎలుకకు షుగరు తగ్గుతూనే ఉంటుంది. ఒక వారం ఆకు పసరుతో, ఒక వారం చెట్టు బెరడుతో, ఇంకో వారం మనం ఊసి పారేసే గింజతో. అందులో ఉన్న పదార్థం ఒంట్లోకి వెళ్లి అచ్చం ఇన్సులిన్‌లా పనిచేస్తుందట. కిడ్నీలు బాగుపడ్డాయి, చూపు నిలిచింది, మానని పుండు మానింది. ఎవరికి? ఎలుకకి!

చివర ఒక వాక్యం ఉంటుంది, మనుషుల్లో ఎలా పనిచేస్తుందో ఇంకా తేలాలని. పాపం, పరిశోధన చేసినాయన నిజాయితీగానే చెప్పుకున్నాడు. అక్కడిదాకా చదివే ఓపిక మనవాళ్లలో ఎవరికీ లేదు. అదే మన అదృష్టం!

ఎలాగంటారా? చదివితే ఊరుకుంటారు. ఊరుకుంటే మన మొహం ఎవరు చూస్తారు? ఇదివరకు నా గుమ్మం తొక్కిన నాథుడు లేడు. నాకు షుగరని తెలిశాక చూడాలి! పాలాయన ఆకు చెప్పాడు. సెలూన్ అతను గడ్డం సగం గీసి, కత్తి గొంతు మీద ఆనించి మరీ బెరడు కషాయం గురించి చెప్పాడు. కాదనే ధైర్యం ఎవడికుంటుంది? బ్యాంకు కౌంటరులో ఆవిడ నా పాస్‌బుక్కు పక్కకు నెట్టి, గింజల పొడి ఎలా కొట్టాలో చెప్పింది. నా వెనక లైనంతా దగ్గరికి జరిగి విన్నది. నీళ్ల మోటారు గొడవతో నాతో మాటలు మానేసిన పైవాటా ఆవిడ సైతం గుమ్మంలో పసరు సీసా పెట్టి పోయింది. కోర్టు కలపలేని మనుషుల్ని ఆకు కలిపింది!

నేను ఊరి బడిలో చదువుకున్నవాణ్ణి. ఇన్సులిన్‌లా పనిచేయడమంటే ఏమిటో నా పద్ధతిలో అర్థం చేసుకున్నాను. మా ఊరి నాటకంలో పోస్టుమాను డాక్టరు వేషం కట్టేవాడు. మెళ్లో స్టెతస్కోపు, కళ్లద్దాలు, భేషుగ్గా ఉండేవాడు. ఒకసారి నాటకం మధ్యలో హార్మోనియం వాయించే ఆయనకు నిజంగానే గుండెనొప్పి వచ్చింది. ఎవరూ వేషగాడి వంక చూడలేదు. బండి కట్టి ఆస్పత్రికి పరిగెత్తారు. చదువులేని ఊరు కదా, అంతకన్నా తోచలేదు! ఈ రోజుల్లో అయితే పోస్టుమానే ఆపరేషను చేసి ఉండేవాడు.

ఇక ఈ వైద్యులందరిలోకీ ఘనుడు మా బావమరిది, నా భార్యకు స్వయానా తమ్ముడు. ఆమె రోజూ ఇన్సులిన్ పొడుచుకునేది. ఒకనాడు వీడు పేపరు ముక్క, బెరడు పొడి డబ్బా పట్టుకుని దిగాడు.

"ఇన్సులిన్ పని ఇదే చేస్తుంటే ఒళ్లంతా సూదులెందుకక్కా? తీసి అవతల పారెయ్!"

నేను వద్దని అరిచాను.

"మీకు మొదట్నుంచీ నా తమ్ముడంటే గిట్టదు" అందామె.

గిట్టని మాట నిజమే. సూదులు మానేసింది. కొద్దిరోజులకే వాంతులు, ఆయాసం. ఇద్దరం ఆస్పత్రికి వెళ్లాం, నేనొక్కణ్ణే తిరిగొచ్చాను. డబ్బాలో పొడి సగం మిగిలే ఉంది. ఎంత పొదుపైన మందో చూడండి!

మొన్న వాడు మళ్లీ వచ్చాడు. నాకూ ఇన్సులిన్ మొదలుపెట్టారని, కాలి బొటనవేలికి పుండు లేచిందని ఎవరో చెప్పారట. చేతిలో అలాంటి డబ్బానే.

"సూదులు మానెయ్యండి బావా. ఈ పొడి పడితే పుండు ఇట్టే మానిపోతుంది. ఎలుకల్లో..."

"తగ్గిందా?"

"మాయం! నాకూ షుగరేగా, నేనూ ఇదే తాగుతున్నా. చూడండి ఎలా ఉన్నానో!"

నిజమే, నిగనిగలాడుతున్నాడు. నాలుగు రోజులుంటానన్నాడు. బట్టల సంచి విప్పుతూ కాస్త నసిగాడు.

"బావా, ఫ్రిజ్‌లో ఇంత చోటుందా? ఇది చల్లగా ఉండాలి."

చిన్న అట్టపెట్టె. లోపల ఇన్సులిన్.

"ఎవరిదిరా ఇది?"

"నాదే. డాక్టరు ఊరుకోడుగా! పొడి తాగుతూనే ఇదీ వేసుకుంటున్నా... ఎందుకైనా మంచిదని."

"ఆ ఎందుకైనా మంచిదన్న మాట మీ అక్కకు చెప్పావా?"

అట్టపెట్టె ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

ఇంటికొచ్చినవాడికి మర్యాద చెయ్యాలి కదా! ఫ్రిజ్ తెరిచాను. తలుపు అరలో ఆమె వాడకుండా వదిలేసిన ఇన్సులిన్ సీసా ఉంది. ఎప్పుడో గడువు దాటింది. పారెయ్యడానికి నాకు చెయ్యి రాలేదు.

"దాని పక్కన పెట్టుకో" అన్నాను.

సీసా మీద మందులషాపు అంటించిన చీటీలో అక్క పేరు చదివాడు. చాచిన చెయ్యి అక్కడే ఆగింది. పెట్టె మళ్లీ సంచిలో వేసుకుని సాయంత్రం బస్సుకే వెళ్లిపోయాడు. పొడి డబ్బా నా బల్ల మీదే ఉంది. మీ ఇంట్లో షుగరున్న ఎలుకలుంటే వచ్చి పట్టుకెళ్లండి.

ఎలుక జన్మ ఊరికే కోరలేదు నేను. ప్రయోగశాలలో ఎలుకకు పొడి పెట్టినవాడు రోజూ దాని రక్తం చూస్తాడు. బరువు తూస్తాడు. మేత మానేస్తే ఎందుకు మానేసిందని ఆరా తీస్తాడు.

మా ఆవిడకు పొడి ఇచ్చినవాడు ఆనాడు కూడా సాయంత్రం బస్సుకే వెళ్లిపోయాడు.