సారెల్‌కు కాపలా దీపాలు

ఆగస్టు నెలలో ఒక శనివారం పొద్దున్నే ఎగ్‌బర్ట్ పెరట్లో గునపం పట్టుకుని నిలబడి భార్యకు ఆజ్ఞ జారీ చేశాడు. జమైకా కొండదారుల్లో ముప్ఫయ్యేళ్ళు బస్సు నడిపి రిటైరైన మనిషి, ఆజ్ఞలివ్వకపోతే ఆయనకు తోచదు.

"ఐసీ, ఈ ఏడు సారెల్ పనంతా నాది. విత్తడం, కొయ్యడం, మరిగించి వడకట్టడం, అన్నీ నేనే. నీ మోకాళ్ళకు సెలవు. పెరట్లో కాలు పెట్టావో, ఊరుకోను!"

సారెల్ మన గోంగూరకు స్వయానా చెల్లెలు. దాని కాయను చుట్టుకుని ఉండే ఎర్రటి పుల్లని రేకలను అల్లంతో మరిగించి, చక్కెర, కాస్త రమ్ము కలిపి తాగితేనే ఆ ఊరికి క్రిస్మస్ వచ్చినట్టు.

ఐసిల్డా రుమాలు ముడి విప్పి గుప్పెడు విత్తనాలు ఆయన చేతిలో పోసింది. "మా అమ్మ ఇచ్చిన విత్తనం. ఏటా విత్తి, ఏటా మళ్ళీ దాచుకుంటూ వస్తున్నా. ఇంట్లో ఉన్నవన్నీ ఇవే. ఈసారి కాయకపోతే అమ్మ గుర్తంటూ ఇంకేం మిగలదు. జాగ్రత్తయ్యా!"

"పోనిద్దూ, గోరంతకు కొండంత చేస్తావు!" అన్నాడు గానీ, విత్తనాలను మాత్రం ఒక్కొక్కటీ లెక్కపెట్టి మరీ విత్తాడు.

మొక్కలు బ్రహ్మాండంగా లేచాయి. సెప్టెంబరు చివర్లో ఎగ్‌బర్ట్‌కు కిందటేడాది సంగతి గుర్తొచ్చింది. ఎవరో కాయలు సగం కోసుకుపోయారు. వెంటనే పెరట్లో రెండు స్తంభాలు పాతి, రెండు పెద్ద బల్బులు బిగించాడు. పొద్దుగూకింది మొదలు తెల్లారేదాకా వాటిని వెలగనిచ్చాడు.

"ఇప్పుడు రమ్మను ఆ దొంగవెధవను!"

దొంగ రాలేదు. మొగ్గ కూడా రాలేదు. అక్టోబరు నెలాఖరుకు ఊరంతా ఎర్రబడింది గానీ ఎగ్‌బర్ట్ పెరట్లో మొక్కలు మనిషెత్తు పెరిగి ఆకులేసుకుని కూర్చున్నాయి. పేడ వేశాడు. నీళ్ళు తగ్గించాడు. చివరికి ఆయనకు ఒకటే తట్టింది: మొగ్గలు వస్తున్నాయి, తాను లేచేలోపే ఎవరో గిల్లుకుపోతున్నారు. పక్కింటి కెల్విన్ దొడ్డి ఎర్రగా మెరిసిపోతోంది కూడా.

"కెల్విన్! మర్యాదగా చెప్పు, నా మొగ్గలేం చేశావు?" అని కంచె దగ్గర నిలబడి కేకేశాడు.

కెల్విన్ బిత్తరపోయాడు. "నీకు మతి పోయిందా బర్టీ? కంచె పక్కన నా వరస చూడు. నీ దిక్కుమాలిన వెలుగు పడే ఆ ఒక్క వరసా పూయలేదు. అక్కడ నా మొగ్గలు నేనే దొంగిలించుకున్నానా?"

ఆ రోజుతో ఇద్దరికీ మాటల్లేవు. వంటింటి కిటికీలోంచి ఐసిల్డా అంతా విన్నది.

మర్నాడు పొద్దున చూస్తే బల్బులు మాయం! ఎగ్‌బర్ట్ లబోదిబోమంటూ పోలీసుల దగ్గరికి పరుగెత్తాడు.

"ఏం పోయాయి?" అన్నాడు కానిస్టేబులు.

"కాపలా దీపాలు."

"ఎవరొస్తారని కాపలా?"

"దొంగలు."

కానిస్టేబులు కలం కింద పెట్టి, నవ్వాపుకోవడానికి గోడవైపు తిరిగాడు.

కొత్త బల్బులు కొంటానంటే ఐసిల్డా ఒప్పుకోలేదు. "వద్దయ్యా, అవీ ఎత్తుకుపోతాడు. నిమ్మళంగా ఉండు."

మూడు వారాలకు మొగ్గ తొడిగింది. డిసెంబరు ఇరవై రెండుకు పెరడంతా ఎరుపు! కాయలు కోసి ఒళ్ళో పోసినప్పుడు ఐసిల్డా కళ్ళు తుడుచుకుంది. పక్కన పెట్టిన విత్తనమే రెండు గుప్పెళ్ళకు వస్తుందని లెక్క వేసుకుంది.

ఇక మరిగించడం. తానే చేస్తానన్నాడు కదా, ఎగ్‌బర్ట్ అటక మీంచి పెద్ద గిన్నె దించి మూత తీశాడు. లోపల పాత తువ్వాలులో చుట్టి రెండు బల్బులు!

"ఐసీ!"

"ఆ గిన్నె నువ్వు దించుతావని నేనేం కలగన్నానా?" అంది ఆవిడ తల దించుకుని. "రాత్రి చీకటిగా, పొడుగ్గా ఉంటేనే సారెల్‌కు పూయాలని బుద్ధి పుడుతుందనేది మా అమ్మ. కెల్విన్ వరస మాట విన్నాక గుర్తొచ్చింది."

"మరి నాతో చెప్పొచ్చుగా?"

"కెల్విన్‌ను అన్ని మాటలన్నాక, తప్పు నీదేనని ఎలా చెప్పను? చిన్నబోతావని..."

ఎగ్‌బర్ట్ ఆమె మోకాళ్ళ వైపు చూశాడు. ఆ కాళ్ళతో రెండు స్తంభాలెక్కింది! మొదటి సీసా పట్టుకుని కెల్విన్ ఇంటికి వెళ్ళి క్షమాపణ చెప్పుకుని వచ్చాడు.

పోలీసులకు ఆ దొంగ నేటికీ దొరకలేదు గానీ, ఎగ్‌బర్ట్ మాత్రం రోజూ పొద్దున్నే దొంగగారికి అల్లం టీ కాచి ఇస్తున్నాడు.