ససేమిరా గారి కుడిభుజం

ప్రపంచంలో తిరుగుబాట్లన్నీ చెయ్యి ఎత్తడంతో మొదలవుతాయి. ఆ కార్యాలయంలో మాత్రం చెయ్యి ఎత్తలేకపోవడంతో మొదలైంది!

అక్కడ ప్రతి సోమవారం సమావేశం. డైరెక్టరుగారు ఒక ప్రతిపాదన చదువుతారు, సిబ్బంది కుడిచేతులెత్తుతారు, ఆయన "ఏకగ్రీవం" అంటారు. కుడిచెయ్యే ఎందుకంటే, వెనకటికి భక్తి పొంగి కొందరు రెండు చేతులూ ఎత్తేస్తే, ఓట్లు మనుషుల్ని మించిపోయాయి. అప్పట్నుంచి ఎడమచెయ్యి చెల్లదని సర్క్యులర్.

అందరికంటే ముందు లేచేది హెడ్‌గుమాస్తాగారి చెయ్యి. ఒకసారి డైరెక్టరుగారు తుమ్మబోయి ఆగితే, దానికీ లేచింది! అందుకే ఆయన పేరు "సరేసార్"గా స్థిరపడిపోయింది.

అలాంటి చేతికి భుజం దగ్గర తాళం పడింది. ఓ పొద్దున చొక్కా తొడుక్కోబోతే చెయ్యి ఛాతీ దాటి పైకి రానంది. "ఫ్రోజెన్ షోల్డర్. భుజం బిగుసుకుపోయింది. వదలడానికి నెలలు పడుతుంది, వ్యాయామం చెయ్యండి" అన్నాడు డాక్టరు. ఇక తల దువ్వడం, చొక్కా తొడగడం భార్య పనులయ్యాయి.

"ఇన్నేళ్ళకి మీరు భుజాన వేసుకున్నది ఈ నొప్పి ఒక్కటేనండీ. అదీ నా చేత మోయిస్తున్నారు!" అందావిడ, పాపిడి రెండోవైపు తీస్తూ.

ఆ సోమవారం డైరెక్టరుగారు గొంతు సవరించుకున్నారు. "సిబ్బంది భోజనాల గదిని నా విశ్రాంతి గదిగా మార్చాలని ప్రతిపాదన!"

చేతులు లేచాయి. సరేసార్ చెయ్యీ లేవబోయింది. భుజంలో మేకు దిగినట్టయింది. పళ్ళు బిగుసుకున్నాయి, కళ్ళు ఎర్రబడ్డాయి.

"ఏమిటి, మీకు సమ్మతం కాదా?"

నోరు తెరిస్తే "అమ్మో" అని కేక వచ్చేలా ఉంది. అందుకని మూసుకునే తల అడ్డంగా ఊపారు. డైరెక్టరుగారికి చెమట పట్టింది. జీవితంలో మొదటిసారి, "తర్వాత చూద్దాం" అన్నారు.

వరండాలో టైపిస్టు ఎదురొచ్చింది. "అన్నయ్యగారూ, ఆ చూపేమిటండీ బాబూ! డైరెక్టరుగారి కళ్ళద్దాలు పగుల్తాయేమో అనుకున్నా!"

"మేమూ దించేద్దామనే అనుకున్నాం గురూగారూ. వెధవ చెయ్యి, మాట వినలేదు!" అన్నాడు క్యాషియరు.

"అది కాదమ్మా, అసలు నా భుజం..."

"మా అందరి భుజబలమూ మీరేనండీ!"

నిజం గొంతుదాకా వచ్చి, పొగడ్త తగలగానే మళ్ళీ కడుపులోకి దిగిపోయింది. సాయంత్రానికి సరేసార్ "ససేమిరా" అయ్యారు. దారి మార్చుకున్న పాపిడి కూడా తిరుగుబాటు లక్షణమేనని సిబ్బంది తేల్చేశారు!

ఇక ఫిజియోథెరపీ. "వేళ్ళని గోడమీద చీమల్లా పాకించండి బాబాయ్‌గారూ" అనేది వ్యాయామం చేయించే అమ్మాయి. మొదట్లో చీమలు స్విచ్‌బోర్డు దాకా కూడా వెళ్ళలేదు. నెలలు గడిచేకొద్దీ దాన్ని దాటాయి, గడియారాన్ని అందుకోబోతూ ఆగాయి.

"ఆపేశారేం? నొప్పా?"

"పరువమ్మా! చెయ్యి పైకెళ్తే అది కిందికొస్తుంది."

భార్య దగ్గర మాత్రం ఆ నాటకం సాగలేదు. "నిన్న అటకమీది డబ్బా కుడిచేత్తోనే తీశారు, చూశాను. ఇవాళ్టినుంచి మీ చొక్కా మీరే తొడుక్కోండి."

"గట్టిగా అనకే! ఆఫీసులో తెలిస్తే నా గతేం కాను?"

"ఇప్పుడు ఎత్తగలరుగా? ఎత్తగలిగీ సోమవారం దించి ఉంచండి. అప్పుడు ఆ పొగడ్త నిజంగా మీదవుతుంది."

"ఓస్, అంతేనా! ఎత్తడం కష్టంగానీ, ఎత్తకుండా కూర్చోవడానికేం కష్టం?"

సోమవారం సమావేశానికి ముందే క్యాషియరు చెవిలో ఊదాడు. "భోజనాల గది మళ్ళీ వస్తోందట. ఈసారి మేమూ చెయ్యెత్తం గురూగారూ. ఒట్టు! చంపినా ఎత్తం!"

డైరెక్టరుగారు చిరునవ్వుతో లేచారు. "భోజనాల గది నాకొద్దు. దాన్ని అసిస్టెంటు డైరెక్టరు గదిగా మారుద్దాం. ఆ పదవికి మన హెడ్‌గుమాస్తాగారి పేరు ప్రతిపాదిస్తున్నాను. అనుకూలమైనవాళ్ళు చేతులెత్తండి!"

ఎవరూ కదల్లేదు. టైపిస్టు చేతులు కట్టుకుంది. క్యాషియరు తన కుడిచేతిని నమ్మలేక దానిమీదే కూర్చున్నాడు. ఆ గదిలో అంత ధైర్యం ఎన్నడూ లేదు!

అప్పుడు సర్రున ఒక చెయ్యి లేచింది. మోచెయ్యి వంగలేదు, భుజం వణకలేదు, జబ్బ చెవికి ఆనింది. ఫిజియోథెరపీ అమ్మాయి చూసి ఉంటే మురిసిపోయేది!

"అన్నయ్యగారూ!" అంది టైపిస్టు.

"వ్యాయామమమ్మా" అన్నారు ససేమిరా గారు, చెయ్యి దించకుండానే. "డాక్టరు చెయ్యమన్నాడు."

"వ్యతిరేకమైనవాళ్ళు చేతులెత్తండి!" అన్నారు డైరెక్టరుగారు.

ఎత్తబోమని ఒట్టు పెట్టుకున్న చేతులు! ఒక్కటీ లేవలేదు.

"ఏకగ్రీవం!"

ఆ మధ్యాహ్నం సిబ్బంది మెట్లమీద కూర్చుని క్యారియర్లు విప్పారు. ఎదురుగా అసిస్టెంటు డైరెక్టరుగారు కుర్చీ ఎక్కి, తలుపుపైన తన పేరు బోర్డు కుడిచేత్తో స్వయంగా తగిలించుకుంటున్నారు. కుర్చీ కొంచెం ఊగింది. క్యాషియరు తింటున్న ముద్ద వదిలేసి పరుగెత్తాడు.

"జాగ్రత్త సార్, నేనున్నాను!" అంటూ కుర్చీ పట్టుకున్నాడు, రెండు చేతులతో.