లడ్డూకు సౌఖ్య మందిరం

అమెరికాలోని గ్రేటర్ ట్రాయ్ తెలుగు ఐక్య సమితి అధ్యక్షులు శ్రీ కోటేశ్వరరావు గారు తమ ఇంటి బేస్‌మెంట్‌లో ఒక పాముపిల్ల కోసం కనీవినీ ఎరుగని సౌఖ్య మందిరం నిర్మించనున్నారన్న ప్రకటన ఒక శుక్రవారం సాయంత్రం ఆరు వాట్సాప్ గ్రూపుల్లో ఒకేసారి వెలువడింది. ప్రకటనతో పాటు అధ్యక్షుల వారి ఫోటో ఉంది. పాము ఫోటో పెట్టడానికి చోటు చాల్లేదు.

పాము పేరు లడ్డూ. జాతి బాల్ పైథాన్ అనే విషం లేని చిన్నరకం కొండచిలువ, వయసు నాలుగు నెలలు. భయం వేస్తే గుండ్రంగా ఉండ చుట్టుకుంటుంది కాబట్టి అధ్యక్షుల వారి పదకొండేళ్ళ కూతురు ఆద్య దానికి ఆ పేరు పెట్టింది. ఇంటికొచ్చి పది రోజులైనా అది ఏమీ తినలేదు. వంటింట్లో పిండి తూచే స్కేలు మీద దాన్ని పెట్టి, అంకె తగ్గిందని ఆద్య కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"డాడీ, దానికి బిగ్ హౌస్ వద్దు," అని తండ్రికి చెప్పింది. "ఒక సైడ్ వార్మ్, ఒక సైడ్ కూల్. రెండు సైడ్స్‌లో దాక్కోడానికి చిన్న బాక్స్‌లు, డార్క్‌గా. ఎవరూ చూడకూడదు. దట్స్ ఆల్."

కోటేశ్వరరావు గారికి కూతురంటే ప్రాణం. ఆమె చెప్పినదంతా శ్రద్ధగా రాసుకుని, వెంటనే ఒక కమిటీ వేశారు. మనసుకు నిజంగా కష్టం కలిగినప్పుడు ఆయన చేసే పని అదే. మామగారి మోకాలి ఆపరేషన్‌కు కూడా ఏడుగురితో వేశారు. సమితి ఎన్నికలు నెల రోజుల్లో ఉండడానికీ దీనికీ ఏ సంబంధమూ లేదని ప్రకటనలోనే స్పష్టం చేశారు.

సమితి పేరులోనే ఐక్యత ఉంది కాబట్టి ఎన్నికల్లో తలపడుతున్న రెండు ప్యానెళ్ళకూ కమిటీలో సమాన ప్రాతినిధ్యం ఇచ్చారు. వెచ్చటి వైపు బాధ్యత అధ్యక్షుల ప్యానెల్‌కు, చల్లటి వైపు బాధ్యత పోటీ ప్యానెల్ నాయకులు శ్యామ్‌సుందర్ గారికి దక్కాయి. ఏ వైపు ఎంత వేడి ఉండాలో రాసిన కాగితం చదివి ఆయన కళ్ళజోడు తీశారు.

"మీకు తొంభై డిగ్రీల ఫారెన్‌హీట్, మాకు డెబ్బై ఎనిమిదా? ఈ పన్నెండు డిగ్రీల తేడా ఏ బైలాస్‌లో ఉందండీ?"

రెండున్నర గంటల చర్చ తరువాత, రెండు వైపులా ఎనభై నాలుగు డిగ్రీలే ఉండాలని ఏకగ్రీవంగా తీర్మానించారు. బేస్‌మెంట్ మెట్ల మీద కూర్చుని వింటున్న ఆద్య లేచి నిలబడింది.

"అంకుల్, అది ఎటు కావాలంటే అటు వెళ్ళాలి. దానికి చాయిస్ ఉండాలి."

"ఎలక్షన్ల ముందు ఆ మాట ఎత్తకూడదమ్మా," అన్నారు శ్యామ్‌సుందర్ గారు ప్రేమగా.

రెండో మీటింగ్‌లో చీకటి పెట్టెల అంశం వచ్చింది. ఇంత కష్టపడి కట్టాక పాము పెట్టెలో దూరి కూర్చుంటే జనానికి ఏం చూపిస్తామని ఇరుపక్షాలూ మొదటిసారి ఒక్క గొంతుతో అడిగాయి. పెట్టెలు తీసేశారు. వాటి స్థానంలో ఏడు సెకన్లకో రంగు మారే లైట్లు, పైన థర్మోకోల్ గోపురం అమర్చారు. ఎనిమిది అడుగుల గాజు మందిరం పూర్తయింది. నాగుల చవితి తరువాత వచ్చే ఆదివారం ప్రారంభోత్సవమని నిర్ణయించారు.

మూడో మీటింగ్ భోజనాల గురించి. తమ ఫ్రీజర్‌లో కరివేపాకు పక్కన, లడ్డూ కోసం కొన్న గడ్డకట్టిన ఎలుకపిల్లలు ఉన్నాయని అధ్యక్షుల వారి శ్రీమతి నళిని గారు సభకు తెలియజేశారు. సభ్యులు చేతుల్లోని పకోడీలు ప్లేట్లలో పెట్టేశారు. పండగ సందర్భం కాబట్టి పాలు మాత్రమే పొయ్యాలని సాంస్కృతిక కార్యదర్శి లీల గారు ప్రతిపాదించారు.

"ఆంటీ, పాములు పాలు తాగవు," అంది ఆద్య.

"తాగకపోతేనేం తల్లీ, మనం పొయ్యాలి కదా."

ప్రారంభోత్సవానికి మూడు రోజుల ముందు లడ్డూను ట్రయల్ కోసం మందిరంలోకి మార్చారు. అది ఒక మూలకు పోయి, తలను చుట్టల మధ్య దాచుకుని, రంగుల వెలుగులో అలాగే ఉండిపోయింది. తూకం మళ్ళీ తగ్గింది. ఆదివారం కూడా తినకపోతే సోమవారం తీసుకురమ్మని వెటర్నరీ డాక్టర్ చెప్పారు. కోటేశ్వరరావు గారికి రెండు రోజులు సరిగ్గా నిద్ర పట్టలేదు. ఎన్నికల వల్లనే అనుకున్నారు.

ఆదివారం ఉదయం పది గంటలకు ఆయన పట్టుపంచె సర్దుకుంటూ బేస్‌మెంట్‌లోకి దిగి చూస్తే మందిరం ఖాళీ. రెండేసి మెట్లు ఎక్కుతూ కూతురి గదికి పరుగెత్తారు.

ఆద్య బట్టల క్లాజెట్‌లో, వేలాడే చలికోట్ల కింద కూర్చుని ఉంది. ఎదురుగా స్వెట్టర్లు పెట్టుకునే ప్లాస్టిక్ టబ్బు. ఒక చివర అడుగున వెచ్చదనానికి హీట్ మ్యాట్. చెరో చివరా బోర్లించిన పెరుగు డబ్బా, దానికి కత్తెరతో కోసిన చిన్న గుమ్మం.

"డాడీ, ప్లీజ్. కిందకి తీసుకెళ్తే తినదు. ఇట్స్ స్కేర్డ్."

ఆయన పంచె పైకి దోపుకుని నేల మీద వంగి చూశారు. పెరుగు డబ్బా గుమ్మంలోంచి బొటనవేలంత తల ఒకటి బయటికొచ్చి నాలుక ఆడించింది. మూడు రోజుల్లో అది తల ఎత్తడం ఆయన చూడడం ఇదే మొదలు. కోటేశ్వరరావు గారు ఎవరినీ సంప్రదించకుండా, తీర్మానం లేకుండా తమ జీవితంలో మొట్టమొదటి నిర్ణయం తీసుకున్నారు.

"ఇక్కడే ఉంచమ్మా," అని చప్పుడు కాకుండా తలుపు వేశారు.

పదకొండు గంటలకు బేస్‌మెంట్‌లో నూట నలభై మంది. నిజం చెప్పేద్దామని ఆయన మైకు అందుకున్నారు. "మిత్రులారా, ఒక చిన్న విషయం..."

"అబ్బ, ఎంత ముద్దుగా పడుకుందో!" అన్నారు లీల గారు గాజుకు ముక్కు ఆనించి.

చప్పట్లు మోగాయి. శ్యామ్‌సుందర్ గారు వచ్చి ఈ చివర నుంచి ఆ చివర దాకా పరిశీలించి, పాము తమ వైపే ఉందని ప్రకటించారు. అధ్యక్షుల ప్యానెల్ ఒప్పుకోలేదు. చివరకు తల ఒకరి వైపు, తోక మరొకరి వైపు ఉన్నట్టు రాజీ కుదిరింది. గోపురానికి శాలువా కప్పారు. పాల గిన్నెలతో ఆడవాళ్ళు వరుస కట్టారు. కోటేశ్వరరావు గారు మైకు పట్టుకుని అలాగే నిలబడ్డారు.

అప్పుడు ఆద్య మెట్ల మీద నుంచి దూకినట్టుగా వచ్చింది. "డాడీ! తినేసింది! మొత్తం తినేసింది!"

"మేం చూశాం!" అన్నారు ముందు వరుసలో నలుగురు.

ఆయన కూతుర్ని ఎత్తుకుని, మైకు ఆన్‌లో ఉందన్న సంగతి మరచి భోరుమన్నారు. సమితి చరిత్రలో ఇంతకంటే గొప్ప ప్రసంగం రాలేదని అందరూ అన్నారు. ఎన్నికల్లో ఆయన భారీ మెజారిటీతో గెలిచారు. ఓడిన శ్యామ్‌సుందర్ గారు హుందాగా మందిరం నిర్వహణ బాధ్యత స్వీకరించారు.

నాలుగు నెలలుగా ఆయన ప్రతి శనివారం వచ్చి గాజు తుడిచి వెళుతున్నారు. ఇంత శుభ్రమైన పామును తానెక్కడా చూడలేదని నెలనెలా నివేదిక పంపుతున్నారు. మొన్నటి నివేదికలో, పాము బాగా ఎదిగిందనీ, ఎనిమిది అడుగులు దానికి బొత్తిగా ఇరుకైపోయాయనీ, విస్తరణకు తక్షణం కమిటీ వేయాలనీ కోరారు.